నోటు పుస్తకంలోకి ఎక్కని పని

చిన్న షాపులో పాత పనివాడు మానేస్తే అతనితోపాటు పనితనమూ వెళ్లిపోతోంది, పాత ఇస్లామిక్ ఆర్థిక చింతనలో దీనికి పనికొచ్చేది ఏమైనా ఉందా అని అడిగారు. ఉంది. కాకపోతే మొదట దాన్ని సగమే అర్థం చేసుకుని నేను నష్టపోయాను, కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

మాది పల్నాడులో మోటారు రివైండింగ్ షాపు, అంటే కాలిపోయిన మోటార్లలో రాగి తీగ మళ్లీ చుట్టే షాపు. మేం దూదేకులవాళ్లం. తాత దూది ఏకి పరుపులు కుట్టారు, నాన్న రాగి తీగలోకి దిగారు. నాకు లెక్కలు వచ్చు గాని చుట్టడం రాదు. అది మా మేస్త్రీ పని. ఏ మోటారుకు ఎన్ని చుట్లు, ఏ గేజి తీగ, కాయిల్ ఏ గాడి నుంచి ఏ గాడికి పోవాలి, అంతా ఆయన తలలోనే ఉండేది. ఆయనకు వయసు మీద పడుతోందని నాకు భయం పట్టుకుంది. ఖురాన్ రెండో సూరా (అధ్యాయం)లోని 282వ ఆయతు (వాక్యం) గుర్తొచ్చింది. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు అదే. అప్పు చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాసుకోండి, బద్ధకించకండి అంటుంది. అప్పుకే అంత జాగ్రత్త ఉంటే పనికి ఎందుకు ఉండకూడదని ఒక నోటు పుస్తకం పెట్టాను.

ఆరు నెలల్లో పుస్తకం నిండింది. మేస్త్రీ ఊరెళ్లిన వారంలో మా కుర్రవాడు అది చూసి ఒక 5 హెచ్.పి. మోటారు చుట్టాడు. చుట్లు సరిగ్గానే ఉన్నాయి, గేజీ సరైనదే. పది రోజులకు రైతు దాన్ని ట్రాక్టరులో వేసుకుని తిరిగొచ్చాడు, కాలిపోయిందని. మేస్త్రీ విప్పి చూసి, "గాడిలోకి తీగను ఇనుప ముక్కతో తోశాడు బాబూ" అన్నారు. తీగ మీది ఎనామిల్ పూత గీసుకుపోయి చుట్టుకు చుట్టు తగిలింది. ఆయనైతే తాను చెక్కుకున్న వెదురు బద్దతో తోస్తారు, తీగలు పక్కపక్కనే పడుకునేలా వేలితో సర్దుకుంటూ. ఆ సంగతి పుస్తకంలో లేదు. అది చెప్పాల్సిన విషయమని ఆయనకే తోచలేదు.

ఆ తర్వాతే చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్‌ను శ్రద్ధగా చదివాను. 1332లో ట్యూనిస్‌లో పుట్టి, 1377లో 'ముఖద్దిమా' రాసి, కైరోలో న్యాయమూర్తిగా పనిచేసిన మనిషి. చేతివృత్తి అంటే 'మలకా', అంటే చేసి చేసి మనిషిలో పాతుకుపోయిన అలవాటు అంటాడు. విని తెలుసుకున్నదానికన్నా కళ్లారా చూసి నేర్చుకున్నది సంపూర్ణంగా వస్తుందనీ అంటాడు. నేను రాయడానికి వీలైనదాన్నే పనితనం అనుకున్నాను.

సరే, చూసి నేర్చుకోవాలంటే కుర్రవాణ్ని మేస్త్రీ తన పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఎందుకు కూర్చోబెట్టుకుంటారు? నేర్పాక తన అవసరం తీరిపోదా? అడిగినా జ్ఞానాన్ని దాచినవాడికి నిప్పు కళ్లెం వేస్తారన్న హదీసును (ప్రవక్త మాటను) ఇలాంటిచోట వల్లించేవాళ్లున్నారు. పండితులు చాలామంది దాన్ని మతజ్ఞానానికి సంబంధించిన మాటగానే తీసుకున్నారు. ముప్పై ఏళ్ల చేతిపనిని ఊరకే లాక్కోవడానికి హదీసును అడ్డుపెట్టుకోవడం నాకు నచ్చదు.

నాకు దారి చూపింది ముదారబా. ఒకరిది డబ్బు, ఇంకొకరిది శ్రమ, లాభం ముందే ఒప్పుకున్న పాళ్లలో. నష్టం వస్తే డబ్బు పెట్టినవాడికి డబ్బు పోతుంది, పనిచేసినవాడికి కష్టం వృథా అవుతుంది. చేతి నేర్పును పెట్టుబడి పక్కన సమానంగా కూర్చోబెట్టిన ఏర్పాటు అది. నేను మేస్త్రీ జీతం అలాగే ఉంచి, కుర్రవాడు చుట్టిన మోటార్ల లాభంలో నాలుగో వంతు ఆయనకు ఇస్తానన్నాను. మోటారు ఆరు నెలల్లోపు తిరిగి రాకూడదు, అదొక్కటే షరతు. మా మసీదు ఇమాంగారు విని నవ్వి, "జీతం ఉన్నాక అది ముదారబా ఎలా అవుతుంది, బహుమానం అనుకో" అన్నారు. నిజమే, పేరు మార్చుకున్నాను.

ఇంకొకటి. పాతకాలపు బజారు తనిఖీదారుకు ముహ్తసిబ్ అని పేరు. అన్ని వృత్తుల గుట్టూ ఒక్కడికి తెలియదు కాబట్టి ప్రతి వృత్తికీ అందులో ఆరితేరిన నమ్మకస్తుణ్ని 'అరీఫ్'గా పెట్టుకోమని 12వ శతాబ్దంలో ముహ్తసిబ్‌ల కోసం పుస్తకం రాసిన షైజరీ అన్నాడు. అందుకే చుట్టిన మోటారు మా షాపు నుంచి బయటికి వెళ్లాలా వద్దా అన్నది ఇప్పుడు నేను చెప్పను, మేస్త్రీ చెబుతారు.

పుస్తకం మానలేదు. చుట్లూ గేజీ అందులోనే రాస్తున్నాం. కుర్రవాడు పోయిన నెల సొంతంగా వెదురు బద్దలు చెక్కుకున్నాడు. మొదటి రెండూ మేస్త్రీ విరిచి పారేశారు.