పిల్లల ఖాతాలో వీణ ఎందుకు పలకడం లేదు?

ప్రశ్న: బొబ్బిలిలో మా ఇంటి దగ్గర పిల్లలకు వీణ నేర్పుతున్నాను. సాధన రికార్డు చేసుకోవడానికి లినక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పాత కంప్యూటర్‌లో వారికి వేరే ఖాతా తెరిచాను. నా ఖాతాలో మైకు, స్పీకరు బాగానే పనిచేస్తున్నాయి. వారి ఖాతాలో మాత్రం సౌండ్ కార్డే లేదంటోంది. సౌండ్ పరికరాల అనుమతులు అందరికీ ఇచ్చేయమని తెలిసినవారు అంటున్నారు. ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: అందరికీ ఇవ్వకండి. ఆ పరికరాల్లో మీ ఇంటి మైకు కూడా ఉంది. దానిని అందరికీ తెరిస్తే ఆ కంప్యూటర్‌లో ఏ ఖాతా నుంచైనా ఇంట్లో మాటలు వినవచ్చు. పైగా ఆ పరికరాలను సూచించే ఫైళ్లు కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ కొత్తగా ఏర్పడతాయి కాబట్టి ఈరోజు మార్చిన అనుమతి రేపటికి నిలవదు.

లినక్స్‌లో సౌండ్ పరికరాలు ‘డెవ్’ ఫోల్డరులో ఫైళ్లుగా ఉంటాయి. సాధారణంగా వాటి యజమాని ‘రూట్’ (వ్యవస్థపై సర్వాధికారాలున్న ఖాతా), గ్రూపు (ఖాతాల సమూహం) ‘ఆడియో’. తక్కినవారికి ప్రవేశం ఉండదు. అయితే ఇప్పటి లినక్స్‌లలో చాలావాటిలో, తెర ముందు కూర్చుని లాగిన్ అయినవారికి వ్యవస్థే తాత్కాలికంగా అనుమతి ఇస్తుంది. అందుచేత ముందుగా మీ ఖాతా నుంచి పూర్తిగా లాగౌట్ అయి, తర్వాత పిల్లల ఖాతా తెరిచి చూడండి. మీరు ఆడియో గ్రూపులో ఉండి, లాగౌట్ కాకుండా ఖాతా మాత్రమే మార్చినట్లయితే, వెనుక నడుస్తున్న మీ సెషన్ సౌండ్ కార్డును వదలకపోవచ్చు. నాకు ముందుగా అనుమానం దీనిమీదే.

అప్పటికీ పలకకపోతే, పిల్లల ఖాతాలో టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి ‘గ్రూప్స్’ అని ఇంగ్లీషులో టైపు చేయండి. వచ్చిన జాబితాలో ‘ఆడియో’ లేకపోతే, మీ ఖాతా నుంచి ‘సుడో’తో, అంటే నిర్వాహక అధికారంతో, ఖాతా వివరాలు మార్చే ‘యూజర్‌మాడ్’ ఆదేశాన్ని నడిపి వారిని ఆ గ్రూపులో చేర్చాలి: sudo usermod -aG audio అని, చివర పిల్లల ఖాతా పేరు. ఇక్కడ పెద్ద ‘జి’కి ముందు చిన్న ‘ఎ’ తప్పనిసరిగా ఉండాలి. అది మరిచిపోతే ఆ ఖాతా ఇప్పటికే ఉన్న అదనపు గ్రూపులన్నింటి నుంచీ తొలగిపోతుంది. నిర్వాహక ఖాతాకు ఈ పొరపాటు జరిగితే ‘సుడో’ అధికారమే పోవచ్చు. గ్రూపులో చేర్చిన వెంటనే ఫలితం కనిపించదు, ఎందుకంటే సభ్యత్వాన్ని లాగిన్ సమయంలోనే చూస్తారు. పిల్లలు ఒకసారి లాగౌట్ అయి మళ్లీ రావాలి. గ్రూపులో ఉన్నవారు దూరం నుంచి లాగిన్ అయినా మైకును వాడగలరు గనుక, మీరు నమ్మే ఖాతాలనే చేర్చండి.

ఆ తర్వాత సౌండ్ కార్డుల జాబితా కోసం ‘ఏప్లే’ ఆదేశానికి చిన్న ‘ఎల్’ జోడించి (aplay -l) నడపండి. కార్డు పేరు కనిపించినా శబ్దం రాకపోతే అది అనుమతుల సమస్య కాదు. శబ్ద స్థాయిలు సర్దే ‘అల్సామిక్సర్’ (alsamixer) తెరిచి, అడుగున రెండు ‘ఎం’లు ఉన్న గడిమీదకు వెళ్లి ‘ఎం’ నొక్కితే మ్యూట్ తొలగుతుంది.