కొండవాగు వేగానికి లోచ్ చేప ఎందుకు కొట్టుకుపోదు?

ఇక్కడ చెప్పేది కొండవాగుల్లో ఉండే చిన్న చేప, హిల్‌స్ట్రీమ్ లోచ్ గురించి. అది బల్లపరుపు పొట్టని, పక్కకి పరుచుకున్న రెక్కల్ని రాయికి గట్టిగా ఆనించి అతుక్కుపోతుంది, అందుకే వరద వేగంలోనూ కొట్టుకుపోదు.

మధ్య వియత్నాం వాగుల్లో ఉండే సెవెల్లియా లీనియోలాటా అనే లోచ్ జాతినే చూడండి. పొడవు సుమారు 6 సెంటీమీటర్లు. పసుపు ఒంటి మీద నల్లటి గీతలు, పైనుంచి చూస్తే చిన్న టేకు చేపలా (స్టింగ్‌రే) ఉంటుంది. ముందు రెక్కలు విసనకర్రలా విచ్చుకుంటాయి. పొట్ట కింది రెక్కలు వెనకవైపు ఒకదానితో ఒకటి కలిసిపోయి చిన్న గిన్నెలా ఏర్పడతాయి. ఈ రెక్కల అంచులు రాయిని అంటుకుని ఉండటంతో నీరు కిందికి దూరి చేపని పైకి లేపలేదు, పలచటి ఒంటి మీదుగా జారిపోతుంది. పైగా రాతికి ఆనుకున్న పొరలో ప్రవాహం నెమ్మదిగా ఉంటుంది.

చాలామంది ఇది నోటితో పట్టుకుంటుందనుకుంటారు. అది సక్కర్ ఫిష్ పద్ధతి. లోచ్ నోరు రాళ్ల మీది పాచి, సన్న పురుగులు గీరి తినడానికే. అక్వేరియం అద్దాలు శుభ్రం చేస్తుందని కొని, కదలని వెచ్చటి నీళ్లలో వదిలేస్తే ఆక్సిజన్ చాలక పాపం చచ్చిపోతుంది. దానికి చల్లగా, జోరుగా పారే నీరు కావాలి.