స్టాక్‌హోమ్‌లో రెండు రోజులు: టూరిస్టు పాస్ అవసరమా?

నమస్కారమండీ. స్టాక్‌హోమ్ శివారు కిస్టాలో (అక్కడివారు "షీస్టా" అని పలుకుతారు) శుక్రవారం శిక్షణ ముగిశాక, మీ శ్రీమతిగారు వచ్చి కలిస్తే, ఉన్న రెండు రోజులకు ఖరీదైన టూరిస్టు పాస్ కొనాలా అని మీరు అడిగారు. నా అభిప్రాయంలో వద్దు. రోజుకు ఐదారు మ్యూజియంలు పరుగులు తీస్తూ చూసేవారికే అది గిట్టుబాటవుతుంది. మీకు ఎస్‌ఎల్ (స్టాక్‌హోమ్ ప్రజా రవాణా సంస్థ) వారి 72 గంటల టికెట్ చాలు. మెట్రో, బస్సు, ట్రాములతో పాటు నగరం నడిబొడ్డున ఉన్న స్లుస్సెన్ రేవు నుంచి యుర్‌గోర్డెన్ దీవికి వెళ్ళే పడవలోనూ అది చెల్లుతుంది.

శనివారం ఉదయం ఆ పడవలోనే వెళ్ళి వాసా మ్యూజియం చూడండి. 1628లో తొలి ప్రయాణంలోనే, రేవు దాటి మైలు దూరమైనా పోకముందే మునిగిన వాసా అనే యుద్ధనౌక అందులో ఉంది. పైభాగం బరువెక్కి, అడుగున తగినంత బరువు లేక, ఓ గాలి విసురుకే ఒరిగి, తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీరు చొరబడింది. 1961లో పైకి తీశారు. బాల్టిక్ నీటిలో ఉప్పు తక్కువ కాబట్టి కలపను తినే పురుగు అక్కడ బతకదు. అందుకే 333 ఏళ్ళ తరువాత కూడా చెక్కడాలు నిలిచాయి. దీనికి కనీసం రెండున్నర గంటలు కేటాయించండి. పక్కనే ఉన్న ఆరుబయటి మ్యూజియం స్కాన్సెన్ ఓపిక ఉంటేనే.

ఆదివారం పాతబస్తీ గమ్లా స్తాన్ సందుల్లో నడిచి, సాయంత్రం దక్షిణాన ఉన్న సోడెర్‌మాల్మ్ దీవిలోని మోంటేలియుస్‌వేగెన్ బాట ఎక్కితే నీటికి ఆవలి ఒడ్డున సిటీ హాల్ కనిపిస్తుంది, రుసుమేమీ లేదు. నగదు మార్చుకోకండి, చాలాచోట్ల కార్డే తీసుకుంటారు.