గోర్డన్ బ్రౌన్ నిజంగా ప్రజాధనం దుబారా చేశారా? ఇక్కడ పనిచేసిన డాక్టరుగా నా జవాబు

మీ ప్రశ్న ఇది: "గోర్డన్ బ్రౌన్ పదేళ్లు ఆర్థికమంత్రిగా ఉండి, అప్పు చేసి పప్పు కూడు తిన్నట్టు ఖర్చుపెట్టి బ్రిటన్‌ను ముంచారంటారు. ఆ రోజుల్లో అక్కడున్నవాళ్లు నిజం చెప్పగలరా?"

నేను 2001లో ప్లాబ్ (విదేశీ డాక్టర్లు బ్రిటన్‌లో పనిచేయడానికి రాసే పరీక్ష) కోసం కర్నూలు నుంచి వచ్చాను. లండన్ ఈస్ట్‌హామ్‌లో ఒకే గదిలో ఐదుగురం ఉండేవాళ్లం. చాలా రోజులు మధ్యాహ్నం గుడిలో పెట్టే ప్రసాదమే మా భోజనం. ఆర్నెల్ల తర్వాత ఇంగ్లండ్ ఉత్తరాన ఒక ఆసుపత్రిలో ఎముకల విభాగంలో ఉద్యోగం దొరికింది. అప్పటి నుంచి ఈ చుట్టుపక్కలే ఉన్నాను. బ్రౌన్ పెట్టిన ఖర్చును నేను వార్డులో నిలబడి చూశాను కాబట్టి రాస్తున్నాను.

ఆయన మొదటి నుంచీ ధారాళంగా ఖర్చుపెట్టారనుకుంటే పొరపాటు. 1997 మేలో పదవిలోకి వచ్చాక రెండేళ్లపాటు, అంతకుముందు ప్రత్యర్థి పార్టీ కన్జర్వేటివ్‌లు గీసిపెట్టిన ఖర్చు గీత దాటలేదు. 2000లో మొబైల్ కంపెనీలకు 3జీ లైసెన్సుల వేలంలో 2,250 కోట్ల పౌండ్లు వచ్చిపడితే వాటిని అప్పు తీర్చడానికే వాడారు. అదే ఏడు వృద్ధాప్య పింఛను వారానికి 75 పెన్స్ మాత్రమే పెంచారు. దేశమంతా మండిపడింది.

మా పేషెంటు ఒకాయన, బొగ్గుగనిలో చేసి రిటైరైన పెద్దాయన, ఆ 75 పెన్స్ సంగతి ఏళ్ల తర్వాత కూడా మరచిపోలేదు. "వేరుశనగల ప్యాకెట్ వస్తుంది దాంతో" అనేవారు. ఆయన తుంటి కీలు పూర్తిగా అరిగిపోయింది. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి, ముందుకీ వెనక్కీ మూడుసార్లు ఊగి లేచేవారు. బూట్ల లేసులు భార్యే కట్టేది. ఆపరేషన్ కోసం వెయిటింగ్ లిస్టులో పేరెక్కి అప్పటికే పద్నాలుగు నెలలు. లెటర్ వచ్చిందా అని అడగడానికి ఫోన్ చేస్తే, ఇంకా రాలేదని చెప్పాల్సింది నేనే. ఆ మాట చెప్పడం ఎంత కష్టంగా ఉండేదో ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత 2002 బడ్జెట్ వచ్చింది. ప్రభుత్వ ఆరోగ్య సేవకు ఐదేళ్లపాటు, ధరల పెరుగుదల తీసేశాక కూడా, ఏటా సగటున ఏడు శాతానికి పైగా నిధులు పెంచుతానన్నారు బ్రౌన్. డబ్బెక్కడిదో దాచలేదు. 2003 ఏప్రిల్ నుంచి ఉద్యోగుల జీతంలోంచి కోసుకునే నేషనల్ ఇన్సూరెన్స్ చందా 10 నుంచి 11 శాతం అయింది, యజమానులకూ ఒక శాతం పెరిగింది. ఆ నెల క్యాంటీన్‌లో మా పేస్లిప్పులు పక్కపక్కన పెట్టి, ఎంత తగ్గిందో చూసుకున్నాం. "తిరిగి మన వార్డుకే వస్తుందిలే" అంది మా సిస్టర్.

వచ్చింది కూడా. శనివారాలు ఆపరేషన్లు మొదలయ్యాయి. కొత్త నర్సులు వచ్చారు, ఫిలిప్పీన్స్ నుంచి, కేరళ నుంచి. మనవాళ్లు డాక్టర్లుగా ఎంతమంది చేరారో లెక్కలేదు. జీపీ (మొదట చూసే స్థానిక డాక్టరు) చీటీ నుంచి చికిత్స మొదలయ్యేదాకా 18 వారాలు దాటకూడదని 2008 చివరికి లక్ష్యం పెట్టారు. ఆ పెద్దాయనలాంటి మనిషి 2008లో వస్తే కొన్ని నెలల్లోనే ఆపరేషన్ అయిపోయేది. దాన్ని దుబారా అనడానికి నాకు నోరు రాదు.

అయితే ఆ డబ్బులో చాలా భాగం డాక్టర్లు, సిబ్బందితో చేసుకున్న కొత్త ఉద్యోగ ఒప్పందాల వల్ల జీతాలకే పోయింది. నా జీతం కూడా అందులోదే. జీపీలకైతే 2004 తర్వాత తక్కువ పనికి ఎక్కువ డబ్బు వచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను.

బంగారం గురించి కూడా చెప్పాలి, మన ఇళ్లలో మొదట అడిగేది అదే కాబట్టి. 1999 నుంచి 2002 వరకు దేశం నిల్వల్లోంచి దాదాపు 395 టన్నులు, ఔన్సు సగటున 275 డాలర్ల చొప్పున అమ్మేశారు. ఆ తర్వాత ధర ఎక్కడికి పోయిందో మీకు తెలుసు. మా అమ్మకి ఇది చెబితే బ్రౌన్ చేసిన మంచి ఇంకేదీ వినలేదు.

అప్పుల విషయం. రోజువారీ ఖర్చుకు అప్పు చేయను, ఆస్తులు కట్టడానికే చేస్తాను అని ఆయన పెట్టుకున్న నియమం. 2007లో ప్రధాని అయ్యేనాటికి దేశం అప్పు జాతీయ ఆదాయంలో 40 శాతం లోపే ఉంది. ముంచింది అది కాదు. 2008 అక్టోబర్‌లో బ్యాంకులు కూలబోతుంటే 3,700 కోట్ల పౌండ్లు పెట్టి నిలబెట్టారు. దానికన్నా పెద్ద దెబ్బ, పన్నుల రాబడి ఒక్కసారిగా పడిపోవడం. 2009-10లో లోటు జాతీయ ఆదాయంలో పది శాతానికి చేరింది. ఆయన తప్పు అంతకుముందుది: రాబడి బాగున్న 2002-07 మధ్య కూడా ఏటా లోటు బడ్జెట్టే నడిపారు. బ్యాంకుల నుంచి, ఇళ్ల అమ్మకాల నుంచి వచ్చే పన్నులు ఎప్పటికీ అలాగే వస్తాయనుకున్నారు.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది పీఎఫ్ఐ (ప్రైవేట్ ఫైనాన్స్ ఇనిషియేటివ్). ప్రైవేటు కంపెనీ ఆసుపత్రి కడుతుంది, ముప్పై ఏళ్లపాటు మనం కడుతూ పోవాలి. దాన్ని మొదలుపెట్టింది కన్జర్వేటివ్‌లే, 1992లో. కానీ ఊరూరా పాకించింది బ్రౌన్ హయాంలోనే. ఆ అప్పులో చాలా భాగం ప్రభుత్వ లెక్కల్లో కనిపించేది కాదు. 2018లో కొత్త పీఎఫ్ఐలు ఆపేశారు, పాతవి మాత్రం నడుస్తున్నాయి. నేనిప్పుడు పనిచేసే భవనమూ అలాంటిదే. గోడకు ఒక షెల్ఫ్ బిగించాలన్నా కంపెనీకే ఫారం పంపాలి. ప్రతి ఏప్రిల్‌లో ముందు ఆ బిల్లు పక్కన పెట్టి, మిగిలినదాంట్లోంచే నర్సుల పోస్టులు ఎన్నో లెక్కేసుకుంటారు.