సంక్రాంతి కూరకి మొక్క పీకక్కర్లేదు

అమ్మలూ,

బంగాళాదుంప మొక్కలు మోకాలెత్తు వచ్చాయి గానీ పూత రాలేదు, దుంప పట్టిందో లేదోనని టెన్షన్ పడుతున్నావు. పూత కోసం చూడకు, కొన్నిసార్లు అది రానే రాదు, అయినా కింద దుంప ఊరుతూనే ఉంటుంది. రోజులు లెక్కపెట్టుకో. నవంబరు మొదట్లో నాటావు, కుఫ్రి పుఖ్రాజ్ అన్నావు, అది త్వరగా చేతికొచ్చే రకం, 70 రోజులు దాటితే లేత దుంప తినొచ్చు. సంక్రాంతికి అందుతుంది.

మొక్క మాత్రం పీకకు. పార, గునపం అసలు దగ్గరికి తేకు. బోదె, అదే మొక్క మొదట్లో ఎగదోసిన మట్టిగట్టు, దాని పక్క నుంచి మట్టిని చేత్తోనే మెల్లగా లాగుతూ మొదలు వైపు వేళ్లు పోనిస్తే గుండ్రంగా తగులుతుంది, కోడిగుడ్డంత ఉన్నవి తుంచుకుని చిన్నవి వదిలేయ్. వాటిని పట్టుకుని ఉన్న తెల్లటి తీగలు తెంపావంటే అవి ఇక పెరగవు. మెత్తగా కుళ్లిన ముక్క తగిలితే కంగారు పడకు, అది నువ్వు నాటిన విత్తనపు దుంపే. తీశాక మట్టి మళ్లీ ఎగదోసి కాసిని నీళ్లు పొయ్యి. మొక్కకి రెండేసి తీసుకుంటే ఇంటిల్లిపాదికీ కూర అయిపోతుంది, మొక్క కూడా బతికే ఉంటుంది.

అసలు తంటా మన నల్లమట్టితోనే. ఏటి లంకల్లో అయితే ఇసక కలిసిన ఒండ్రు, చెయ్యి ఇట్టే దిగుతుంది. మీ పెరట్లో తడిపిన మర్నాడే దిగావంటే ఏది దుంపో ఏది మట్టిబెడ్డో తెలియదు, మరీ ఆరనిస్తే గడ్డకట్టి దుంప తొక్క లేచిపోతుంది. తడిపాక రెండు మూడు రోజులాగి పొద్దున్నే చూడు.

బొటనవేలితో రుద్దితే తొక్క ఊడొచ్చేవి నిలవుండవు. ఏ పూటకి కావాల్సినవి ఆ పూటే తీయి, చుట్టాలకి పంచుదామని బుట్టెడు తవ్వకు. తొక్క చెక్కకుండా గోనెగుడ్డతో రుద్ది కడిగి ఉల్లికారంతో వేయించు. లేత దుంపని కుక్కర్లో పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కోళ్లు గోకిన చోట ఎండ తగిలి ఆకుపచ్చగా మారినవి పారేయ్, వాటిలో సోలనిన్ అనే విషం పెరుగుతుంది, ఉడికించినా పోదు. ఒకవేళ పూసి చిన్న టమాటాల్లాంటి కాయలు కాస్తే పిల్లల్ని అటు పోనివ్వకు, అవీ విషమే.

నిలవకి కావాలంటే కొన్ని మొక్కల జోలికి పోకుండా ఆకు పసుపు తిరిగేదాకా ఉంచి, నీళ్లు ఆపి, పైన కోసేసి, పది పన్నెండు రోజులు దుంపల్ని మట్టిలోనే వదిలేయ్, తొక్క గట్టిపడుతుంది. శివరాత్రి మాత్రం దాటించకు. రాత్రిళ్లు 20 డిగ్రీల లోపు చల్లదనం ఉంటేనే దుంప బాగా ఊరేది, ఎండలు ముదిరాక ఊరదు, పైగా మీ పెరడు పంటకాలవ గట్టు పక్కనే, ఆలస్యం చేస్తే పందికొక్కులు నీకంటే ముందే తవ్వుకుంటాయి.

మీ మావయ్య