ఉబుంటులో ఫాంట్ ఎక్కింది, మరి లిబ్రెఆఫీసులో ఎందుకు కనపడట్లేదు?

గుంటూరు అరండల్‌పేటలోని మీ డీటీపీ షాపు సిస్టమ్‌లో జరిగింది ఇదీ: తెలుగు ఫాంట్లను యూఎస్‌ఆర్/షేర్/ఫాంట్స్‌లో పేస్ట్ చేయబోతే ‘పర్మిషన్ డినైడ్’ అంది. సుడోతో (అడ్మిన్ అధికారంతో కమాండ్ నడిపేది) కాపీ చేస్తే ఎక్కాయి గానీ లిబ్రెఆఫీసులో లేవు.

మొదటిది తప్పేం కాదు, ఆ ఫోల్డర్ రూట్‌ది, అంటే సిస్టమ్ అడ్మిన్ ఖాతాది. అసలు చిక్కు రెండోది. టెర్మినల్‌లో ‘ఎల్ఎస్ -ఎల్’ కొట్టి ఫైలు పేరున్న వరస చూడండి. మొదట్లో ‘ఆర్‌డబ్ల్యూ’, ఆ తర్వాత అన్నీ గీతలే ఉంటే అది 600, అంటే ఓనరు ఒక్కరే చదివి రాయగల అనుమతి. సుడోతో కాపీ చేసేసరికి ఓనరు రూట్ అయ్యాడు, 600 మాత్రం అలాగే వచ్చేసింది. ఇక రూట్ తప్ప ఎవరూ ఆ ఫైలు చదవలేరు. సుడోతోనే ఫైళ్లకు ‘సీహెచ్‌మోడ్ 644’ (అనుమతులు మార్చే కమాండ్; 644 అంటే అందరూ చదవొచ్చు), మీరు కొత్తగా చేసిన ఫోల్డర్ ఉంటే దానికి 755 ఇవ్వండి. ఫోల్డర్‌లోకి దిగాలంటే ఎక్స్ (ఎగ్జిక్యూట్ అనుమతి) ఉండాలి మరి, 755లో అది అందరికీ ఉంటుంది. తర్వాత ఫాంట్ల జాబితాను తాజా చేసే ‘ఎఫ్‌సీ-క్యాష్ -ఎఫ్’ కొట్టి, లిబ్రెఆఫీసు మూసి తెరవండి.

‘మొత్తానికి 777 (అందరికీ అన్ని అనుమతులూ) కొట్టెయ్’ అనేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. వద్దు. యూఎస్‌ఆర్ అంతటికీ అది కొడితే సుడో ఫైలుకున్న సెట్‌యూఐడీ బిట్ (దాన్ని రూట్ అధికారంతో నడిపించే గుర్తు) ఎగిరిపోయి సుడోనే పనిచేయదు.

‘రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్’ (చదవడమే తప్ప రాయడానికి వీల్లేదు) అని వస్తే అది వేరే జబ్బు. దానికి సీహెచ్‌మోడ్ పనికిరాదు, ముందు బ్యాకప్ తీసి డిస్కు సంగతి చూడండి.

అన్నట్టు, ఒక్కరే వాడే సిస్టమైతే హోమ్‌లో .లోకల్/షేర్/ఫాంట్స్ చాలు, సుడో గొడవే ఉండదు.