హనీఫారులో మాంటాలను చూడాలంటే

ప్రశ్న: మాల్దీవుల్లోని హనీఫారు అఖాతంలో స్కూబా డైవింగ్ చేస్తూ మాంటా రే చేపలను చూడవచ్చా? వాటికి విషపు ముల్లు ఉంటుందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అక్కడ 2012 నుంచి స్కూబాకు అనుమతి లేదు, గైడు వెంట ఉండగా స్నార్కెల్‌తో, అంటే నోటితో గాలి పీల్చుకునే గొట్టంతో, నీటిపైనే ఈదుతూ మాత్రమే చూడాలి. నైరుతి రుతుపవనాల కాలంలో, అంటే సుమారు మే నుంచి నవంబరు వరకు, ప్రవాహాలు మోసుకొచ్చిన ప్లవకాలు (నీటిలో తేలాడే అతి చిన్న జీవులు) ఆ చిన్న అఖాతంలో చిక్కుకుపోతాయి కాబట్టి, మూడు నాలుగు మీటర్ల వెడల్పున్న మాంటాలు నోరు బార్లా తెరిచి, ఒకదాని వెనుక ఒకటి వలయంగా తిరుగుతూ వాటిని వడగట్టి తింటాయి. విషపు ముల్లు లేదు, భయపడనక్కర్లేదు, అలాగని ముట్టుకోకూడదు. స్కూబాయే కావాలంటే, హనీఫారు ఉన్న బా అటోల్‌లోనే (అటోల్ అంటే వలయాకారపు పగడపు దీవుల సమూహం) చిన్న చేపలు మాంటాల ఒంటిమీది పరాన్నజీవులను ఏరి తినే పగడపు దిబ్బలున్నాయి. అక్కడ వెంటపడకుండా నిలకడగా ఉంటే, తరచూ అవే దగ్గరికి వస్తాయి.